45 కిలోవాట్లలో 22 బండ్లు: ఆటోనగర్ యార్డు ఛార్జింగ్ డైరీ

యార్డు విశాఖ ఆటోనగర్‌లో ఉంది. బండ్లు 22: సరుకు మోసే త్రిచక్ర ఆటోలు 18 (ఒక్కోదాని బ్యాటరీ 7.4 యూనిట్లు), చిన్న ట్రక్కులు 4 (ఒక్కోటి 21 యూనిట్లు). ఛార్జింగ్ కోసం విడిగా తీసుకున్న కనెక్షన్‌కు మంజూరైన లోడ్ 45 కిలోవాట్లు. ఇదే పని చేయబోయేవాళ్లు ముందు తప్పులు చదువుకుంటే చాలు, అందుకే అవే ఎక్కువ రాశాం.

దశ 0: కొలతలు (1వ వారం)

ఏమీ కొనకముందే వారం పాటు కొలవాలి. కంపెనీ కాగితంలో రాసే ఛార్జింగ్ టైము ఖాళీ బ్యాటరీకి లెక్కకట్టింది. మన బండ్లు ఖాళీగా రావు.

1. క్లాంప్ మీటర్‌తో (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) ఒక్కో బండి ఛార్జింగ్ కరెంటు చూశాం. ఆటో 12.2 ఆంపియర్లు, అంటే 2.8 కిలోవాట్లు. ట్రక్కు 14.4 ఆంపియర్లు, 3.3 కిలోవాట్లు.
2. మూడు సాకెట్లకు చిన్న యూనిట్ మీటర్లు పెట్టి, బండ్లను వాటి మీదకు మార్చి మార్చి తిప్పాం.
3. బ్యాటరీలోకి 5.6 యూనిట్లు వెళ్లాలంటే గోడ దగ్గర 6.4 యూనిట్లు కాలాయి. మిగతాది ఛార్జర్ వేడికే పోతుంది. ఇకపై లెక్కలన్నీ గోడ దగ్గరి యూనిట్లలోనే.

రోజువారీ అవసరం: ఆటోలు 18 × 6.4 = 115. ట్రక్కులు 4 × 14.8 = 59. మొత్తం 174 యూనిట్లు.

అందరూ ఒకేసారి ప్లగ్గు పెడితే 63.6 కిలోవాట్లు. అదే 174 యూనిట్లను రాత్రి 8 నుంచి పొద్దున 6 వరకు పది గంటలకు పరిస్తే సగటు 17.4 కిలోవాట్లు. లోడ్ పెంచమని దరఖాస్తు పెట్టే ముందు ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసుకోండి. మాకైతే దరఖాస్తు అవసరమే పడలేదు.

అప్పటికి యార్డు పరిస్థితి ఇది: సాయంత్రం అన్ని బండ్లూ చేరిన పాతిక నిమిషాలకు మెయిన్ 80 ఆంపియర్ల ఎంసీసీబీ (లోడ్ ఎక్కువైతే కరెంటు ఆపేసే బ్రేకర్) పడిపోయేది. మూడు ఫేజ్‌లలో (ఆర్, వై, బి) సగటున ఒక్కోదానికి 92 ఆంపియర్లు రావాలి, ఆర్ ఫేజ్‌లో మాత్రం 104 చూపించింది. ఆ తేడా ఎందుకో దశ 2లో తేలింది.

*ఇప్పటివరకు: క్లాంప్ మీటర్ 4,200, దూరం నుంచి వేడి చూసే గన్ 1,800, మీటర్లు మూడు 4,500. మొత్తం రూ. 10,500.*

దశ 1: సాకెట్లు (2, 3 వారాలు)

మొదట ఉన్నవి ఇళ్లలో గీజర్‌కు వాడే 16 ఆంపియర్ల సాకెట్లు. గీజర్ పావుగంట నడిచి ఆగుతుంది. బండి ఛార్జర్ రెండు మూడు గంటలు ఆపకుండా లాగుతుంది. రెండూ 16 ఆంపియర్ల లోపే అయినా సాకెట్‌కు ఇవి ఒకటి కావు.

ఒక సాకెట్ దగ్గర కూర్చుని చూశాం. ప్లగ్గు పెట్టినప్పుడు 33 డిగ్రీలు. అరగంటకు 52. గంటా నలభై నిమిషాలకు 81. ప్లగ్గు లాగి చూస్తే ఫేజ్ పిన్ను నీలంగా కమిలింది, సాకెట్ లోపలి ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగింది. చేత్తో కదిపితే ప్లగ్గు ఊగుతోంది, అంటే స్ప్రింగ్ పట్టు పోయింది. లెక్క చిన్నదే: కాంటాక్ట్ దగ్గర ఒక ఓమ్‌లో పదో వంతు అడ్డు పడినా, 12.2 ఆంపియర్లకు ఆ చిన్న ఇత్తడి ముక్క మీద 15 వాట్ల వేడి పుడుతుంది. వోల్టేజి తగ్గితే ఛార్జర్ అదే పవర్ కోసం కరెంటు పెంచుతుంది. 200 వోల్టులకు ఆటో 14 ఆంపియర్లు లాగింది. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి సాయంత్రం వోల్టేజి పడే వేళే సాకెట్లు కాలాయి.

విశాఖలో దీనికి ఉప్పు గాలి తోడు. ఇత్తడి మీద పచ్చటి పొర నెలన్నరలో కనిపించింది. పోర్టు వైపు నుంచి వచ్చే నల్లటి ధూళి ఆ చెమ్మ మీద అతుక్కుంటే తుడిచినా పోదు.

మార్చింది ఇలా:

1. నీలం రంగు ఇండస్ట్రియల్ సాకెట్లు, 16 ఆంపియర్లు, మూడు పిన్నులవి, మూత ఉన్నవి. భారత్ ఏసీ-001 (మన దేశపు బండి ఛార్జర్ల ప్రమాణం) ఛార్జర్లలో వచ్చే రకమే.
2. నేల నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధన ప్రకారం 80కి తగ్గకూడదు. మా యార్డులో వాన నీళ్లు జానెడు నిలుస్తాయి కాబట్టి ఇంకో పది కలిపాం.
3. కేబుల్ కింది నుంచి గ్లాండ్ (కేబుల్ చుట్టూ బిగించే మూత) ద్వారా లోపలికి. పై నుంచి పెడితే నీళ్లు వైరు వెంట జారి సాకెట్‌లోకే దిగుతాయి.
4. వైరు కొసలకు లగ్గు (లోహపు తొడుగు) నొక్కి క్రింప్ చేసి స్క్రూ బిగింపు. వారం తర్వాత అన్నీ మళ్లీ ఒకసారి బిగించాం, 22లో 9 పావు చుట్టు తిరిగాయి. ఈ రెండో బిగింపును మాత్రం ఎగ్గొట్టకండి.
5. బండి ఆగే చోటు సాకెట్‌కు 5 మీటర్ల లోపు. ఎక్స్‌టెన్షన్ బోర్డులు నిబంధనకే విరుద్ధం. ఉన్న నాలుగూ యార్డు నుంచి బయటికి పంపేశాం. ఉంటే ఎవరో ఒకరు వాడతారు.

వైరు 2.5 చదరపు మిల్లీమీటర్ల నుంచి 4కు పెంచాం. 40 మీటర్ల దూరానికి వోల్టేజి పడిపోవడం 8.8 నుంచి 5.5 వోల్టులకు దిగింది. కరెంటు ఆదా అవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి, మొత్తం యార్డుకు రోజుకు రెండు యూనిట్లు కూడా మిగలవు. వైరు వేడి, చివరి సాకెట్ వోల్టేజి కోసమే ఈ ఖర్చు.

మార్చాక అదే బండి, అదే కరెంటు, గంటా నలభై నిమిషాలు: 43 డిగ్రీలు.

*ఈ దశ: సాకెట్లు, ప్లగ్గులు 14,300. కేబుల్ 480 మీటర్లు 1,00,800. గ్లాండ్లు, లగ్గులు 5,600. ఇప్పటివరకు రూ. 1,31,200.*

దశ 2: ఫేజ్‌లు, న్యూట్రల్ (4వ వారం)

ఎంసీసీబీ పడటానికి కారణం వరస. పాత వైరింగ్‌లో మొదటి వరస మొత్తం ఆర్, రెండోది వై, మూడోది బి. కాగితం మీద సమానమే. కానీ బండ్లు వచ్చేది ఒక్కొక్కటిగా, వచ్చినవి వచ్చినట్టు గేటుకు దగ్గరున్న మొదటి వరసలో నిలబడతాయి. రాత్రి 7.30కి కొలత: ఆర్ 58, వై 36, బి 14. న్యూట్రల్‌లో (కరెంటు తిరిగెళ్లే వైరు) లెక్క ప్రకారం 38 రావాలి, క్లాంప్ మీటర్ 41 చూపించింది. ఆ తేడా ఛార్జర్లు పుట్టించే హార్మోనిక్స్‌ది, ముఖ్యంగా అసలు అలకు మూడు రెట్ల వేగంతో వచ్చే అదనపు కరెంటు అలలది. అవి మూడు ఫేజ్‌లలో ఒకదాన్నొకటి కొట్టేసుకోవు, న్యూట్రల్‌లో కూడుకుంటాయి.

ఇక్కడే అసలు నష్టం జరిగింది. మెయిన్ కేబుల్ మూడున్నర కోర్‌ది, 35 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం, న్యూట్రల్ 16 మాత్రమే. దాని కొసకు అల్యూమినియం లగ్గు వేసి తిన్నగా రాగి బస్‌బార్ (వైర్లన్నీ కలిసే పట్టీ) మీద బిగించారు. రెండు లోహాల మధ్య చెమ్మ, అందులో ఉప్పు: బోల్టు కింద తెల్లటి పొడి. ఒక రాత్రి ఆ జాయింట్ పట్టు వదిలింది. ఆర్ ఫేజ్ 198 వోల్టులకు పడింది, తక్కువ లోడున్న బి ఫేజ్ 262కు ఎగిరింది. బి మీదున్న రెండు ఆటోల ఛార్జర్లు పోయాయి. పొద్దున బండి కదల్లేదు కాబట్టి తెలిసింది, లేకపోతే ఇంకెన్ని పోయేవో.

మార్పులు:

1. సాకెట్లకు వరుసగా ఆర్, వై, బి, ఆర్, వై, బి. ఎవరు ఎక్కడ నిలబెట్టినా మూడూ కలిసే నిండుతాయి.
2. మెయిన్ కేబుల్ నాలుగు కోర్లది, 50 చదరపు మిల్లీమీటర్లు, 35 మీటర్లు. న్యూట్రల్ కూడా అదే సైజు. మూడున్నర కోర్ మోటార్లున్న చోట సరిపోతుంది, సింగిల్ ఫేజ్ ఛార్జర్లున్న చోట వద్దు.
3. రాగి, అల్యూమినియం కలిసే చోట బైమెటల్ లగ్గులు, పైన జాయింట్ గ్రీజు.
4. వోల్టేజి రిలే: ఏ ఫేజ్ అయినా 190 కిందికి గానీ 260 పైకి గానీ 3 సెకన్లు పోతే మెయిన్ కాంటాక్టర్ (రిలే చెబితే తెరుచుకునే పెద్ద స్విచ్) వదిలేస్తుంది.

తర్వాతి కొలత, 30 కిలోవాట్ల దగ్గర: 42, 46, 41. న్యూట్రల్‌లో 11.

*ఈ దశ 23,000. ఇప్పటివరకు రూ. 1,54,200. విడిగా నష్టం పద్దు: కాలిన ఛార్జర్లు రెండు, 23,000. ఆ జాయింట్‌కు సరైన లగ్గులు వేసి ఉంటే అయ్యేది 1,400.*

దశ 3: ఎర్త్ లీకేజి (5వ వారం)

ప్రాణరక్షణకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి కారితే ఆపేసే స్విచ్) తప్పనిసరి. మొదట ఆరు సాకెట్లకు ఒకటి చొప్పున పెట్టి పొదుపు చేశామనుకున్నాం. రాత్రి 2.40కి, మంచు కురిసే వేళ ఒక గ్రూపు పడిపోయింది. పొద్దున ఆరు ఆటోలు సగం ఛార్జింగ్‌తో దొరికాయి.

ఏ బండిలోనూ దోషం లేదు. మంచి ఛార్జర్ కూడా లోపలి ఫిల్టర్ వల్ల ఎర్త్‌లోకి కొద్దిగా వదులుతుంది, మా ఆటోలవి ఒక్కోటి 3 మిల్లీ ఆంపియర్ల దాకా. ఆరు కలిస్తే 18. 30 అని రాసున్న ఆర్‌సీసీబీకి 15 దాటాక ఎప్పుడైనా పడే హక్కు ఉంది, ప్రమాణమే అలా ఉంది. తడి కాస్త తోడైతే చాలు.

ఇప్పుడు సాకెట్‌కు ఒక ఆర్‌సీబీవో (ఆర్‌సీసీబీ, బ్రేకర్ రెండూ కలిసినది). రెండు పోల్స్, 20 ఆంపియర్లు, 30 మిల్లీ ఆంపియర్లు, 'ఏ' (A) టైపు. ఏసీ టైపు చవక, కానీ ఛార్జర్ దోషంలో వచ్చే ఒకవైపు కరెంటు అలల్ని అది పట్టలేదు. నిబంధన కూడా కనీసం 'ఏ' టైపు అనే చెబుతుంది. కొనేటప్పుడు డబ్బా మీద కాదు, వస్తువు మీదున్న గుర్తు చూడండి: అల ఒకటే ఉంటే ఏసీ టైపు, దాని కింద అర అలల గీత కూడా ఉంటే 'ఏ' టైపు. మాకు వచ్చిన 22లో 4 వేరే రకం, తిప్పి పంపాం.

నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కాలి. ఉప్పు గాలిలో లోపలి మీట బిగుసుకుపోతుంది.

*ఈ దశ 57,200. ఇప్పటివరకు రూ. 2,11,400.*

దశ 4, మొదటి ప్రయత్నం: టైమర్లు (6వ వారం). పనికిరాలేదు

11 బండ్లు రాత్రి 8 నుంచి 1 దాకా, మిగతా 11 ఒంటిగంట నుంచి 6 దాకా. రెండు టైమర్లు, రెండు కాంటాక్టర్లు. ఖర్చు 3,800, నష్టం పద్దులోకి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది:

- రెండు యూనిట్లు చాలే బండి ఐదు గంటల చోటు పట్టుకుంది. పక్కన 16 యూనిట్లు కావాల్సిన ట్రక్కు ఎండబెట్టినట్టు నిలబడింది.
- పదింటికి వచ్చిన బండి మొదటి గ్రూపు సాకెట్‌లో నిలబడితే దానికి దక్కేది మూడు గంటలే.
- ఒంటిగంటకు కరెంటు మారినప్పుడు ఒకే రకం ఆటోలు ఐదు ఛార్జింగ్ మొదలుపెట్టలేదు. ప్లగ్గు ముందే పెట్టి తర్వాత కరెంటిస్తే వాటి ఛార్జర్ నిద్ర లేవదు.
- ఒక రాత్రి కరెంటు పోయి వచ్చింది. గ్రూపులోని 11 ఛార్జర్లూ ఒకే క్షణంలో లేచాయి, ఎంసీసీబీ పడింది.

దశ 4, రెండో ప్రయత్నం: మిగులు గంటలు (7 నుంచి 10 వారాలు)

సాకెట్‌కు ఒక 25 ఆంపియర్ల కాంటాక్టర్, ఒక ఆర్ఎస్-485 (వైరు మీద రీడింగ్ పంపే) యూనిట్ మీటర్. అన్నీ ఒక చిన్న కంట్రోలర్‌కు కలిపాం. ఓసీపీపీ (కంట్రోలర్ మాట విని నడిచే) ఛార్జర్లు కొంటే పవర్‌ను తగ్గించి పెంచుకోవచ్చు. మామూలు సాకెట్‌కు ఆన్, ఆఫ్ తప్ప వేరే దారి లేదు. ఈ సైజు యార్డుకు అది చాలు.

కంట్రోలర్ నిమిషానికోసారి ఒకే లెక్క చేస్తుంది:

మిగులు గంటలు = (బయల్దేరే టైము − ఇప్పుడు) − (కావాల్సిన యూనిట్లు ÷ ఛార్జింగ్ కిలోవాట్లు)

మిగులు ఎవరికి తక్కువో వాళ్లకు ముందు. రాత్రి 10 గంటల ఉదాహరణ (4.51 అంటే 4 గంటల 51 నిమిషాలు):

- ట్రక్కు: 16 యూనిట్లు, 4.51 గంటల పని. పూర్ణా మార్కెట్ సరుకుకు 4 గంటలకే బయల్దేరాలి. మిగులు 1.09.
- ఆటో ఒకటి: 6 యూనిట్లు, 2.09 గంటలు. 5.30కి కదలాలి. మిగులు 5.21.
- ఆటో రెండు: 7.6 యూనిట్లు, 2.43 గంటలు. 6.30కి కదలాలి. మిగులు 5.47.

ఎక్కువ ఖాళీగా ఉన్న ఆటో రెండుకే ముందు పెట్టాలని చూసేవాళ్లందరికీ అనిపిస్తుంది. కానీ వరసలో అది ఆఖరిది.

కావాల్సిన యూనిట్లు ఎలా తెలియాలి

ఎక్కువ రోజులు తినేసింది ఇదే. గేటు దగ్గర పలక పెట్టి, బ్యాటరీ శాతం రాయమని డ్రైవర్లకు చెప్పాం. మూడో రోజుకల్లా పలక మీద అన్నీ 15, 18, 20. తక్కువ రాస్తే ముందు ఛార్జింగ్ అవుతుందని అందరికీ తెలిసిపోయింది. వాళ్లను తప్పు పట్టేదేం లేదు, పొద్దున బండి మధ్యలో ఆగితే కోత పడేది వాళ్ల ట్రిప్పులకే.

పలక తీసేసి, బండి మీటర్‌లోని కిలోమీటర్లను రూటు గుణకంతో హెచ్చవేశాం. బ్యాటరీ దగ్గర కిలోమీటరుకు కాలిన యూనిట్లు, ఆటోలవి:

- గాజువాక, కూర్మన్నపాలెం, స్టీల్‌ప్లాంట్ టౌన్‌షిప్: 0.072
- పూర్ణా మార్కెట్, జగదాంబ, వన్‌టౌన్: 0.079
- హనుమంతవాక, ఎండాడ, మధురవాడ: 0.091

మూడోది ఎందుకెక్కువో ఎండాడ ఎత్తు ఎక్కిన ఎవరికైనా తెలుసు. సరుకుతో 950 కిలోలున్న బండి వంద మీటర్లు ఎక్కడానికే 0.26 యూనిట్ పని, మోటారు నష్టాలు కలిపితే బ్యాటరీ నుంచి 0.32 దాకా పోతుంది. దిగేటప్పుడు తిరిగొచ్చేది అందులో కొంతే. అందుకే ఒకే గుణకం అన్ని రూట్లకూ వేయొద్దు. వచ్చినదాన్ని 1.14తో గుణిస్తే గోడ దగ్గరి యూనిట్లు.

శాతం చూపించే మీటర్‌ను నమ్మకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఈ ఆటోల్లోని లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీల వోల్టేజి మధ్య భాగంలో దాదాపు కదలదు, శాతం అంచనా తప్పుతూ పోతుంది. వారానికి ఒకసారి వంద దాకా నింపితేనే అది మళ్లీ సర్దుకుంటుంది. ఒక ఆటోకు మూడు వారాలు అలా చేయలేదు. 34 శాతం చూపిస్తూ హనుమంతవాక ఎత్తులో ఆగిపోయింది. ఇప్పుడు రోజుకు మూడు బండ్ల చొప్పున వంతు వేసి నింపుతున్నాం.

కంట్రోలర్‌లో పెట్టిన నియమాలు, వాటి కారణాలు

1. మొత్తం పరిమితి 32 కిలోవాట్లు. 45 దాకా వాడుకోవచ్చు, కానీ 38 దాటిన సాయంత్రం చివరి సాకెట్ దగ్గర 204 వోల్టులే ఉన్నాయి. 32 దగ్గర 217.
2. మొదలైన బండిని మధ్యలో ఆపకూడదు. మళ్లీ లేవని ఛార్జర్ల బెడద దీంతో చాలావరకు పోయింది.
3. తప్పక ఆపాల్సి వస్తే 90 సెకన్లు పూర్తిగా ఆఫ్. 5 సెకన్లు పెట్టినప్పుడు ఐదు ఆటోలు మొరాయించాయి, 90కి ఒకటే మిగిలింది. దానికి ఎప్పుడూ తన వంతు వచ్చాకే వాచ్‌మన్ ప్లగ్గు పెడతాడు.
4. కరెంటు వచ్చాక 20 సెకన్లకు ఒక సాకెట్ చొప్పున. కంట్రోలర్‌కు చిన్న యూపీఎస్ ఉంది.
5. బండి వచ్చిన 45 నిమిషాల దాకా మొదలుపెట్టదు. మే నెలలో మధ్యాహ్నం ట్రిప్పు నుంచి వచ్చిన బ్యాటరీ 44 డిగ్రీలుంది. 45 దగ్గర బండిలోని రక్షణ సర్క్యూటే ఛార్జింగ్ ఆపేస్తుంది, ఆ సాకెట్ వంతు వృథా.
6. లాగే పవర్ 0.6 కిలోవాట్ల కిందికి దిగితే బండి దాదాపు నిండినట్టు. మిగిలిన పవర్ వెంటనే తర్వాతి బండికి.
7. కంట్రోలర్ చచ్చిపోతే బేసి నంబర్ల 11 సాకెట్లు వాటంతటవే ఆన్‌లో ఉంటాయి. అన్నీ లాగినా 36.3 కిలోవాట్లు. కావాలని వైరు పీకి రెండుసార్లు పరీక్షించాం. మొదటిసారి సరి నంబర్లు వెలిగాయి, రిలే బోర్డు తిరగేసి కట్టారు.

*ఈ దశ: కాంటాక్టర్లు 25,300, మీటర్లు 50,600, కంట్రోలర్, రిలేలు, వైరింగ్ 31,000, యూపీఎస్ 4,500. మొత్తం 1,11,400. ఇప్పటివరకు రూ. 3,22,800. నష్టం పద్దు 26,800.*

దశ 5: తుపాను లెక్క (11వ వారం)

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ కొట్టాక ఈ ఊళ్లో కరెంటు ఎన్నాళ్లు లేదో గుర్తున్నవాళ్లకు ఈ దశ అవసరం చెప్పక్కర్లేదు. హెచ్చరిక రాగానే వాచ్‌మన్ చేయాల్సినవి గోడ మీద అంటించాం:

1. కంట్రోలర్‌లో తుపాను మీట వేయాలి. మిగులు లెక్క ఆగి, అన్ని బండ్లూ వంద శాతం దాకా నిండుతాయి, పరిమితి 32 అలాగే ఉంటుంది. అన్నీ ఖాళీగా ఉన్నా దాదాపు 10 గంటల్లో పూర్తి, అంటే నిర్ణయం పొద్దునే తీసుకోవాలి.
2. నిండాక ప్లగ్గులన్నీ తీసి, సాకెట్ మూతలు బిగించి, మెయిన్ ఆపాలి.
3. కరెంటు తిరిగొచ్చాక ముందు మూడు ఫేజ్‌ల వోల్టేజి, తర్వాత న్యూట్రల్ చూడాలి. తెగిన లైన్లు హడావిడిగా అతికించినప్పుడు న్యూట్రల్ తేడాలు సర్వసాధారణం.

12వ వారం: ప్రస్తుత స్థితి

రాత్రి గరిష్ఠం 30 కిలోవాట్లు (నాలుగు ట్రక్కులు, ఆరు ఆటోలు కలిసి). మొత్తం 174 యూనిట్లు పూర్తయ్యేది 3.30 ప్రాంతంలో. రెండు వారాల్లో టైముకు నిండని బండ్లు 2, రెండూ గేటు దగ్గర రూటు తప్పుగా రాసినవే. రాత్రి 8.30 నుంచి 5.30 వరకు తొమ్మిది గంటల్లో, ఈ 30 కిలోవాట్ల గరిష్ఠంలో 80 శాతమే వాడుకోగలమనుకున్నా 216 యూనిట్లు వస్తాయి. మిగిలిన 42లో ఇంకో ఆరు ఆటోలు పడతాయి, 45 కిలోవాట్ల కనెక్షన్ మీదే.

మిగిలిన పనులు: 14వ సాకెట్ నిన్న 58 డిగ్రీలు చూపించింది. సాకెట్ కొత్తదే, వేడి ప్లగ్గు వైపు నుంచి వస్తోంది. ఆ ఆటోకు పాత కేబుల్ మీదే కొత్త ప్లగ్గు తొడిగారు, లోపల లగ్గు లేదు. మిగతా 21 ప్లగ్గులూ విప్పి చూడాలి.